అమ్మ ఆశ్రమానికి నడిచి వెళ్ళింది, ఇప్పుడు ఇద్దరు లేపాలి: ఫిజియోకి అదనంగా కట్టాలా?

దేవరకొండ దారి | జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా అమ్మకు 79 ఏళ్ళు. నాన్న పోయాక ఏడాదిన్నర మా దగ్గరే ఉంది. నేనూ మా ఆయనా ఇద్దరమూ బడిలో పనిచేస్తాం. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరతాం. అమ్మ రెండుసార్లు గ్యాసు కట్టేయడం మరిచిపోయింది. ఆ తర్వాత తమ్ముడితో కూడా మాట్లాడి, అమ్మ సరేనన్నాకే, నల్లగొండ శివారులో ఒక వృద్ధాశ్రమంలో చేర్చాం. అది గత అక్టోబరు. చేర్చిన రోజు గేటు నుంచి గది దాకా చేతికర్ర పట్టుకుని తనే నడిచింది. సంచి కూడా నన్ను మోయనివ్వలేదు.

ఎనిమిది నెలలయింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు ఆయాలు చెరో చంక కింద చెయ్యి వేసి ఎత్తాలి. ఈ మధ్యలో పడలేదు, పక్షవాతం రాలేదు, ఆసుపత్రిలో చేరలేదు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటుంది, షుగరు అదుపులోనే ఉంది.

ఆశ్రమం వాళ్ళ మీద ఫిర్యాదు కాదిది. శుభ్రంగా ఉంచుతారు, వేళకు పెడతారు. "అమ్మగారిని కాలు కింద పెట్టనివ్వడం లేదు" అని మేనేజరు గర్వంగా చెబుతారు. మొదట్లో ఆ మాట వింటే నాకూ నిశ్చింతగా ఉండేది.

ఫిజియో ప్రతి గురువారం వస్తాడు. గంటన్నరలో పదకొండు మందిని చూస్తాడు. మోకాళ్ళకు కరెంటు పెడతాడు, వేడి సంచితో కాపడం పెడతాడు, కాలు పట్టుకుని పదిసార్లు మడిచి చాపుతాడు, రిజిస్టరులో సంతకం చేస్తాడు. ఇప్పుడు నెలకు 4,000 అదనంగా కడితే వారానికి మూడు రోజులు 'ప్రత్యేక ఫిజియో' ఇప్పిస్తామంటున్నారు. కట్టలేక అడగడం లేదు. అదే కరెంటును మూడుసార్లు పెట్టించడానికి కట్టాలా? అసలు 79 ఏళ్ళకు పోయిన బలం తిరిగి వస్తుందా?

లెక్కల మాస్టారు | జూన్ 9, రాత్రి 10:15

అమ్మా, కటువుగా అనిపిస్తే క్షమించండి. మా నాన్నగారికి 81వ ఏట ఇదే జరిగింది. ఇంట్లోనే ఉన్నారు, ఆశ్రమం కూడా కాదు. ఏడాది పాటు ఫిజియో వచ్చాడు, డబ్బు పోయింది, ఆయన లేవలేదు. వయసు తన పని తాను చేసుకుపోతుంది. ఆ 4,000తో ఇంకో ఆయాను పెట్టించండి.

పిల్లలమర్రి నీడ | జూన్ 10, ఉదయం 6:20

నేను మహబూబ్‌నగర్‌లో 14 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుని. నా వృత్తివాళ్ళ మీదే రాయాల్సి వస్తోంది, అయినా రాస్తాను.

కరెంటు అంటే టెన్స్ గానీ ఐఎఫ్‌టీ గానీ అయి ఉంటుంది, రెండూ చర్మం మీద నుంచి నరాలకు కొద్దిపాటి కరెంటు పంపే యంత్రాలే. అది నొప్పిని కాసేపు మరిపిస్తుంది, కండను పెంచదు. కాపడమూ అంతే. నొప్పి తగ్గిన ఆ అరగంటలో మనిషిని నిలబెట్టి పని చేయిస్తే కరెంటుకు అర్థం ఉంటుంది. పెట్టేసి వెళ్ళిపోతే, పందిరి వేసి పెళ్ళి మరిచిపోయినట్టు. ఇక ఒకరు పట్టుకుని కాలు మడిచి చాపడం గురించి. దాని వల్ల కీలు మరీ బిగుసుకోకుండా ఉంటుంది. బలం మాత్రం చేసినవాళ్ళకే వస్తుంది. ఇక్కడ చేస్తున్నది మీ గురువారం ఫిజియో కాబట్టి ఆయన చేతులు బాగా గట్టిపడి ఉంటాయి.

వయసు పని వయసు చేస్తుందన్న మాట నిజమే. కానీ చేతికర్రతో నడిచిన మనిషి ఎనిమిది నెలల్లో ఇంత జారడాన్ని వయసు ఖాతాలో మొత్తం రాయలేం. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సగటున 67 ఏళ్ళ ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచారు. కాళ్ళ కండ దాదాపు కిలో తగ్గింది. పది రోజులకే! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు కదా, తొడలు కరగడం ఎంతసేపు?

తిరిగి వస్తుందా అంటే, వస్తుంది. 1994లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలి బృందం ఒక వృద్ధాశ్రమంలో వంద మందితో ప్రయత్నించింది. వాళ్ళ సగటు వయసు 87. వారానికి మూడు రోజుల చొప్పున పది వారాల పాటు బరువులతో కాళ్ళ వ్యాయామం చేసినవాళ్ళలో కండ బలం రెట్టింపు దాటింది, నడక వేగం పెరిగింది. అక్కడ ఇచ్చినవి నిజమైన బరువులు. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం పెట్టారు. మనం పెద్దవాళ్ళకు ఇచ్చేది మాత్రం మెత్తటి బంతి పిసకడం.

అమ్మగారికి ముందు ఒక్కటి మొదలుపెట్టండి: కుర్చీలోంచి లేచి కూర్చోవడం. పద్ధతి చెబుతాను.

చేతులున్న గట్టి కుర్చీ కావాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది కాబట్టి వెనక గోడకు ఆనించండి. ఆశ్రమాల హాల్లో ఉండే లోతైన సోఫాలోంచి నేనే సరిగ్గా లేవలేను, అది వద్దు. కుర్చీలో రెండు దుప్పట్లు మడిచి వేసి ఎత్తు పెంచండి. అమ్మగారు అంచుకు జరగాలి, పాదాలు మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ళ మీదుగా వచ్చేంత ముందుకు వంగాలి, అప్పుడు లేవాలి. చాలామంది నిటారుగా కూర్చుని పైకి లేవబోయి వెనక్కి పడి "నా వల్ల కాదు" అంటారు. వాళ్ళ వల్ల కాకపోవడానికి సగం కారణం ఆ వంగకపోవడమే. ముందు చేతులతో కుర్చీని నొక్కి లేవనివ్వండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నాలుగు లెక్కపెడుతూ దిగాలి. ఆ దిగడంలో కూడా కండకు బాగా పని తగులుతుంది.

ఐదుసార్లు చేసి విశ్రాంతి, మళ్ళీ ఐదు. చివరి రెండూ కష్టంగా ఉండాలి. సులువుగా ఉంటే ఒక దుప్పటి తీసేయండి. మోకాలి నొప్పి మామూలు కన్నా కొంచెం పెరిగి, మరునాటికి తగ్గిపోతే ఫరవాలేదు. మరునాడు కూడా ఉంటే ఎక్కువైనట్టు.

మొదలుపెట్టే ముందు ఒక పని తప్పదు. పడుకున్నప్పుడు బీపీ చూసి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ముందు డాక్టరును కలవండి, మాత్ర మార్చాల్సి రావచ్చు. ఛాతీలో నొప్పి, కొత్తగా ఆయాసం, జ్వరం ఉన్న రోజుల్లో వ్యాయామం వద్దు.

4,000 సంగతి: కట్టే ముందు ఆ ఫిజియోను ఒక్క ప్రశ్న అడగండి. "మూడు నెలల తర్వాత మా అమ్మ ఏం చేయగలగాలి?" అని. సమాధానంలో పని ఉంటే కట్టండి, యంత్రం ఉంటే వద్దు.

పానగల్ గట్టు | జూన్ 10, మధ్యాహ్నం 1:05

నేను 26 మంది ఉండే ఒక చిన్న ఆశ్రమం నడుపుతున్నాను. పగలు ముగ్గురు ఆయాలు, రాత్రి ఒక్కరు. ఫిజియో గారు చెప్పినదంతా బాగుంది. ఇప్పుడు నా వైపు కూడా వినండి.

నడిచేవాళ్ళే పడతారు. పడితే తుంటి విరుగుతుంది. విరిగితే ఆ రాత్రే కొడుకులు, అల్లుళ్ళు రెండు కార్లలో దిగుతారు. నెలల తరబడి ముఖం చూపించనివారు కూడా ఆ రోజు నా గేటు ముందు పంచాయతీ పెడతారు. అదే మనిషి రెండేళ్ళు కుర్చీలో కూర్చుని, ఆ తర్వాత మంచం పట్టి, నిమోనియా వచ్చి పోయారనుకోండి. "మా అమ్మను పువ్వులా చూసుకున్నారండీ" అని దండం పెట్టి వెళ్తారు. ఈ రెండింటిలో నేను దేన్ని ఎంచుకుంటానో మీరే చెప్పండి.

కూర్చోబెట్టడం మాకు సరదా కాదు. అలా కూర్చోబెట్టమని మీరే మాకు నేర్పారు.

దేవరకొండ దారి | జూన్ 10, రాత్రి 8:50

పానగల్ గట్టు గారూ, మీ మాట గుచ్చుకుంది. ఎందుకంటే చేర్చిన రోజు నేను మేనేజరుకు మూడుసార్లు చెప్పిన మాట, "ఎట్టి పరిస్థితిలోనూ పడకుండా చూడండి" అని. నడిపించండి అని ఒక్కసారి కూడా అనలేదు.

రాత్రి డ్యూటీ | జూన్ 11, ఉదయం 8:10

నేను ఇలాంటి చోట నాలుగేళ్ళు ఆయాగా చేశాను, ఇప్పుడు ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. ఎవరూ అడగరు గానీ మా లెక్క ఒకటుంటుంది.

ఉదయం ఐదింటి నుంచి ఏడున్నర లోపు ఇరవై మందికి స్నానాలు కావాలి, ఎనిమిదికి టిఫిన్. ఒక అవ్వను మేమిద్దరం ఎత్తి నిలబెడితే అర నిమిషం. ఆమెను తనంతట తాను లేవనిస్తే మూడు నిమిషాలు. ఇరవై మందికి ఆ రెండున్నర నిమిషాల తేడా యాభై నిమిషాలవుతుంది. ఆ యాభై నిమిషాలు మాకు ఎవరిస్తారు? ప్రేమ లేక కాదు, గడియారం లేక ఎత్తుతాం.

చంక కింద చెయ్యి వేసి ఎత్తడం తప్పని ఇక్కడి నర్సు చెబితే గానీ నాకు తెలియదు. వాళ్ళ భుజం కీలు దెబ్బతింటుంది, మా నడుము పోతుంది. నాకు పోయింది కూడా. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకుని ఆసరా ఇస్తే వాళ్ళే లేస్తారు, మనం పడకుండా కాచుకుంటే చాలు. ఆశ్రమంలో ఉన్నప్పుడు ఆ బెల్టు నేను ఎన్నడూ చూడలేదు. ఒక చోట మాత్రం తాతను పడకుండా చున్నీతో కుర్చీకి కట్టేయడం చూశాను. ఆయన రోజంతా ఆ ముడి విప్పడానికే ప్రయత్నించేవాడు. ఆయన చేసిన వ్యాయామం అదొక్కటే.

నిర్వహణ | జూన్ 11, ఉదయం 9:00

చర్చ బాగా నడుస్తోంది. ఆశ్రమాల పేర్లు, వ్యక్తుల పేర్లు, ఫోను నంబర్లు ఎవరూ రాయవద్దని మనవి.

రిటైర్డ్ గుమాస్తా | జూన్ 11, మధ్యాహ్నం 3:30

మీరంతా ఆశ్రమంలో ఉండే పెద్దవాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ పెద్దవాళ్ళలో నేనొకడిని. వయసు 76, పాలమూరు దగ్గర ఒక ఆశ్రమంలో మూడో ఏడాది. భార్య పోయింది, పిల్లలు లేరు, పింఛను ఉంది. ఫోనులో వేలితో రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే మన్నించండి. రెవెన్యూ శాఖలో ముప్ఫై రెండేళ్ళు రాసిన చెయ్యి ఇది.

మేము ఎందుకు లేవమో ఎవరూ సరిగ్గా పట్టుకోలేదు. కాళ్ళు లేక కాదు, లేచి వెళ్ళడానికి చోటు లేక. నీళ్ళ గ్లాసు చేతికందే బల్ల మీదే ఉంటుంది. పత్రిక ఒడిలోకే వస్తుంది. టిఫిను కుర్చీ దగ్గరికి వస్తుంది. టీవీ రిమోట్ కూడా ఆయా దగ్గరే. ఇక ఎందుకు లేవాలి, గోడకున్న క్యాలెండరు చూడటానికా?

నేను ఒక ఒప్పందం పెట్టుకున్నాను. నా పత్రిక గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీదే ఉండాలి, ఎవరూ తెచ్చి ఇవ్వకూడదు. రానూ పోనూ 240 అడుగులు వేయాలి. వానొచ్చినా గొడుగు వేసుకుని వెళ్తాను. మొదటి నెలలో దారిలో బెంచీ మీద రెండుసార్లు కూర్చునేవాడిని. ఇప్పుడు కూర్చోవడం లేదు, అక్కడ ఒకరితో రాజకీయం మాట్లాడటానికి తప్ప.

ఇంకొక రహస్యం చెబుతాను. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు మధ్యాహ్నం దాటాక నీళ్ళు తాగరు. తాగితే బాత్రూముకు ఆయాను పిలవాలి, పిలిస్తే ఆమె విసుక్కుంటుందేమోనని భయం. నీళ్ళు తాగక మలబద్ధకం, కళ్ళు తిరగడం. కళ్ళు తిరిగితే "ఈమెను లేపకండి" అని చీటీ. ఒక మనిషి బాత్రూముకు తనంతట తాను వెళ్ళి రాగలగడం అంటే ఏమిటో మీ వయసులో అర్థం కాదు. నాకైతే ఎకరం భూమి రిజిస్ట్రేషన్ అయినంత.

లెక్కల మాస్టారూ, మీ నాన్నగారి విషయంలో ఏడాది పాటు ఆ ఫిజియో ఏం చేయించాడు? లేపాడా, పడుకోబెట్టే చేయించాడా?

లెక్కల మాస్టారు | జూన్ 11, రాత్రి 9:20

పడుకోబెట్టే చేయించాడు. కరెంటు, నూనె మర్దన.

అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. ఇంగ్లండులో 78 ఆశ్రమాల్లో పెద్ద పరీక్ష జరిగింది, ఒపెరా అంటారు, 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఫిజియోలు వారానికి రెండుసార్లు 45 నిమిషాల చొప్పున ఏడాది పాటు అందరినీ కూర్చోబెట్టి వ్యాయామ తరగతులు నడిపారు. పెద్దవాళ్ళలో కుంగుబాటు తగ్గలేదు. పిల్లలమర్రి నీడ గారు బోస్టన్ చెప్పారు, నేను ఇంగ్లండు చెబుతున్నాను. లెక్క రెండు వైపులా రాయాలి కదా.

పిల్లలమర్రి నీడ | జూన్ 12, ఉదయం 6:05

రాయాల్సిందే. ఒపెరా ఫలితం నిజం. కానీ అది అడిగిన ప్రశ్న కుంగుబాటు తగ్గుతుందా అని. చేతులూ కాళ్ళూ ఊపించినంత మాత్రాన ఒంటరితనం పోదని తేలింది, నాకు ఆశ్చర్యం లేదు. గుమాస్తా గారు పత్రిక కోసం గేటు దాకా వెళ్ళడం వేరు, హాల్లో పాట పెట్టి అందరూ చేతులెత్తండి అనడం వేరు.

పడిపోవడం సంగతికి ఇంకో లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో 16 ఆశ్రమాల్లో 221 మందితో సన్‌బీమ్ అనే కార్యక్రమం నడిపారు, 2018లో ఫలితాలు వచ్చాయి. వారానికి రెండు గంటలు, 25 వారాలు, మెల్లగా పెంచుతూ వెళ్ళే బరువులు, నిలబడి చేసే సమతుల్య వ్యాయామాలు. తర్వాత ఆరు నెలలు తేలిక పద్ధతిలో కొనసాగించారు. మామూలుగా చూసుకున్న ఆశ్రమాలతో పోలిస్తే పడటం 55 శాతం తగ్గింది. పానగల్ గట్టు గారూ, ఇది మీకోసం. నడిచేవాళ్ళే పడతారన్నది సగం నిజం. బలం లేకుండా నడిచేవాళ్ళు పడతారు. ఎంత కట్టడి చేసినా పెద్దాయన ఏదో ఒక రాత్రి రెండింటికి బాత్రూముకని ఒంటరిగా లేస్తాడు. ఆ రాత్రికి ఆయన తొడల్లో బలం ఉండాలా వద్దా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో కూడా 65 దాటినవారికి వారంలో కనీసం మూడు రోజులు సమతుల్యం, బలం కలిసిన వ్యాయామం చెప్పింది. సమతుల్యం అనగానే కంగారు పడకండి. కిటికీ ఊచలు పట్టుకుని మడమలు పైకెత్తడం, గోడ వెంట పక్కకు పది అడుగులు వేయడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి పది లెక్కపెట్టే దాకా నిలబడటం. వెనక కుర్చీ, పక్కన మనిషి ఉండాలి.

తిండి కూడా చూడండి. ఆశ్రమం టిఫిన్లలో ఇడ్లీ, నీళ్ళ చట్నీ, మధ్యాహ్నం పలచటి చారు. పెద్దవయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని నిపుణులు చెబుతారు. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. గుడ్డు, పెరుగు, గట్టి పప్పు, పల్లీలు లేకుండా అది రాదు. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగాలి.

మర్రిగూడ మట్టి | జూన్ 12, రాత్రి 10:45

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. పిల్లలమర్రి నీడ గారూ, ముక్కు కాలివేళ్ళ మీదుగా వచ్చేలా వంగమన్నారు. మా బాపు వంగలేడు. 71 ఏళ్ళు, నడుము, మెడ రెండూ కర్రలా బిగుసుకున్నాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మాది ఏ ప్రాంతమో పేరులోనే ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బావుల నీళ్ళలో ఫ్లోరైడు గురించి తెలియనివారు నల్లగొండ జిల్లాలో లేరు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బాపు చిన్నప్పటి నుంచి తాగిన నీళ్ళను ఎవరూ కొలవలేదు. కృష్ణా నీళ్ళు వచ్చాయి, పిల్లల పళ్ళు బాగుంటున్నాయి, సంతోషం. బాపు ఎముకల్లో చేరినది మాత్రం అలాగే ఉంది.

రెండేళ్ళ కింద ఆశ్రమంలో చేర్చాం. అక్కడికి వచ్చే ఫిజియో, కొత్త కుర్రాడు, మెడ బిగుసుకుందని రెండు చేతులతో పట్టి గట్టిగా తిప్పాడు. ఆ రాత్రి నుంచి చేతుల్లో తిమ్మిర్లు, కాళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. హైదరాబాదులో స్కాన్ తీశాక, మెడలో వెన్నుపాము వెళ్ళే దారి ముందే ఇరుకైందని, అలా తిప్పకూడదని చెప్పారు. మూడు నెలలకు కొంత తేరుకున్నాడు. ఇలాంటివారికి మీరు చెప్పేవి పనికొస్తాయా?

పిల్లలమర్రి నీడ | జూన్ 13, ఉదయం 6:30

మీరు రాయకపోతే నేను పెద్ద తప్పు చేసి ఉండేవాడిని. అందరికీ ఒకే మందు రాసినట్టు రాశాను. ఈ జిల్లాల్లో పనిచేస్తూ మరిచిపోకూడని విషయం అది.

ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎముకల్లో చేరి వచ్చే జబ్బు, ముదిరినవారిలో ఎముక దట్టంగా ఉంటుంది కానీ పెళుసు. ఎముకలను కలిపే స్నాయువుల్లో సున్నం చేరి గట్టిపడతాయి, వెన్ను కాలువ ఇరుకవుతుంది. అలాంటి వెన్నును, మెడను చేత్తో తిప్పడం, లాగడం, బలవంతంగా వంచడం అసలు చేయకూడదు. ఎక్స్‌రే చూడకుండా చెయ్యి వేయకూడదు. కొత్తగా తిమ్మిర్లు, కాళ్ళు తడబడటం, మూత్రం మీద పట్టు తప్పడం కనిపిస్తే వ్యాయామం కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి.

బిగుసుకున్న వెన్నును తిరిగి మెత్తబరచలేం. ఉన్న కదలికను కాపాడగలం. నడుము వంగనివారికి కుర్చీ ఎత్తు పెంచడమే మార్గం. దుప్పట్లు కాదు, కుర్చీ కాళ్ళ కింద స్థిరమైన చెక్క దిమ్మలు పెట్టి, చేతులతో నొక్కి లేచేలా చేయాలి. కమోడ్ కూడా ఎత్తు చేయించండి. పక్కటెముకలు బిగుసుకుంటాయి కాబట్టి ఛాతీ సరిగ్గా విప్పారదు. రోజుకు రెండు మూడుసార్లు నిదానంగా లోతైన శ్వాసలు తీయించండి. చేతివేళ్ళు, భుజాలు, మడమలు ఆయన ఎంత కదపగలిగితే అంత, ఆయనే కదపాలి. చేతికర్ర పొడవు కొలిపించండి. వంగలేనివాడికి కర్ర పొట్టిగా ఉంటే అది ఆసరా కాదు, అదనపు బరువు.

మర్రిగూడ మట్టి | జూన్ 13, ఉదయం 7:15

కర్ర పొట్టిదే. ఈ రోజే చూశాను. ధన్యవాదాలు.

జడ్చర్ల కూడలి | జూన్ 14, సాయంత్రం 6:00

చిన్న సమాచారం. ప్రతిసారీ ప్రైవేటు ఫిజియోనే అనుకోనక్కర్లేదు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం ఒకటుంది, దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు ఫిజియోథెరపీ సేవలు ఉండాలి. ఒకసారి తీసుకెళ్ళి పరీక్ష చేయించి, ఏం చేయాలో కాగితం మీద రాయించుకుని ఆ కాగితం ఆశ్రమంలో ఇవ్వండి. పెద్దవాళ్ళను కుర్చీకి కట్టేయడం వంటివి చూస్తే వృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయవచ్చు.

పానగల్ గట్టు | జూన్ 15, రాత్రి 9:30

నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. ఈ రోజు మా ఆశ్రమంలో ఒక పని మొదలుపెట్టాను. ప్రతి కుటుంబాన్ని పిలిచి ఒక కాగితం ముందు పెడుతున్నాను. "మా పెద్దవారు నడవడానికి, తనంతట తాను లేవడానికి ఆశ్రమం ప్రోత్సహిస్తుంది. దానిలో పడే ప్రమాదం కొంత ఉందని మాకు తెలుసు" అని. తొమ్మిది మందిని అడిగితే ఐదుగురు సంతకం పెట్టారు. ఇద్దరు ఆలోచిస్తామన్నారు. ఒకాయన "డబ్బు కడుతున్నది మీరు ఎత్తడానికే కదా" అన్నాడు. తొమ్మిదో ఆవిడ ఫోను పెట్టేసింది.

బెల్టులు నాలుగు తెప్పించాను. వదులు హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి వేయిస్తున్నాం. మా దగ్గర మాత్రం ఇంకో తలనొప్పి వచ్చిపడింది. జీవితమంతా నాట్లు వేసిన, తట్టలు మోసిన ఆడవాళ్ళు వీళ్ళు. వ్యాయామం చేయమంటే "చేసిందంతా చాలదా బిడ్డా" అంటున్నారు. ఏం చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేశాను.

రిటైర్డ్ గుమాస్తా | జూన్ 16, ఉదయం 11:00

వ్యాయామం అనకండి. ఆ మాట మా తరంలో పహిల్వానులకు సంబంధించింది. పని చెప్పండి. మల్లెతీగ పై కొమ్మన పూలున్నాయి, కోసి పెట్టమనండి. చెయ్యి పైకెత్తుతుంది, మడమ లేస్తుంది. ఎత్తు బల్ల మీద పల్లీలు పోసి నిలబడి వలవమనండి.

పిల్లలమర్రి నీడ | జూన్ 16, మధ్యాహ్నం 2:10

పూలు కోయడం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ గుమాస్తా గారూ, పల్లీలు వలిస్తే తొడలకు బలం రాదు. బరువు పెరుగుతూ పోవాలి. మల్లెతీగతో పాటు కుర్చీ కూడా కావాలి.

రిటైర్డ్ గుమాస్తా | జూన్ 16, మధ్యాహ్నం 2:40

సరే, రాజీ. పూలు కోసి వచ్చి కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ, ఒక్కసారి కాక మూడుసార్లు కూర్చోవాలి. రెవెన్యూ శాఖలో ఒక సంతకానికి మూడుసార్లు తిప్పినట్టు.

దేవరకొండ దారి | అక్టోబరు 19, రాత్రి 9:10

బతుకమ్మ అయిపోయాక రాద్దామని ఆగాను.

ప్రత్యేక ఫిజియోకి కట్టలేదు. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించి, రాయించుకున్న కాగితం అమ్మ మంచం పక్కన గోడకు అతికించాను. పడుకుని లేస్తే బీపీ 24 పడుతోందని అక్కడే తెలిసింది. డాక్టరు మాత్ర తగ్గించాక వారంలో కళ్ళు తిరగడం ఆగింది. ఎనిమిది నెలలుగా దాన్ని అందరం నీరసం అనుకున్నాం.

మేనేజరుతో మాట్లాడటం అంత సులువు కాలేదు. రెండు నెలలు నెలకు 1,500 అదనంగా ఇచ్చాను, ఒక ఆయా రోజూ ఇరవై నిమిషాలు అమ్మతోనే ఉండేలా. ఆమెకు కుర్చీ పద్ధతి నేనే నేర్పాను. శనివారం సాయంత్రం నేను, ఆదివారం తమ్ముడు. వాడు వచ్చిన మొదటి వారం జాలిపడి అమ్మను ఎత్తేశాడు, నాతో తిట్లు తిన్నాడు.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. మూడు దుప్పట్లు వేస్తే గానీ లేవలేకపోయింది, లేచాక కూడా ఏడ్చింది. జులై చివరికి రెండు దుప్పట్లు, ఆగస్టు చివరికి ఒకటి. ఇప్పుడు దుప్పటి లేదు. చేతులతో నొక్కి వరసగా ఆరుసార్లు లేస్తుంది. చేతులు కట్టుకుని ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూసే పరీక్ష ఒకటుందట, ఆ వయసు ఆడవారికి 10 కన్నా తక్కువైతే కాళ్ళు బలహీనం కిందే లెక్క అని ఆసుపత్రిలో చెప్పారు. అమ్మది 2. జూన్‌లో సున్నా. మధ్యలో సెప్టెంబరులో ఒకసారి పడింది, బాత్రూము గుమ్మం దగ్గర. మోచేయి గీసుకుపోయింది, అంతే. ఫోను వచ్చినప్పుడు నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. మేనేజరు ఆ నిశ్శబ్దాన్ని అర్థం చేసుకున్నారనుకుంటాను. మరునాడు గుమ్మానికి చేతికడ్డీ పెట్టించారు.

సద్దుల బతుకమ్మ రోజు ఆశ్రమం వాకిట్లో ఆడారు. వంగి చప్పట్లు, పక్కకు అడుగు, మళ్ళీ వంగి చప్పట్లు. పిల్లలమర్రి నీడ గారు గోడ వెంట పక్కకు పది అడుగులు అన్నది అదే కదా అనిపించింది. అమ్మ కుర్చీలోంచి తనే లేచింది, ఆయా నడుము బెల్టు పట్టుకుంది. ఒకటిన్నర చుట్లు తిరిగింది. ఆ సగం దగ్గర అలసిపోయి, ఎవరో కుర్చీ తెస్తే కూర్చుంది. రాత్రిళ్ళు బాత్రూముకు ఇంకా మనిషి కావాలి.

లెక్కల మాస్టారు | అక్టోబరు 19, రాత్రి 10:00

ఒకటిన్నర. రాసుకున్నాను.

పిల్లలమర్రి నీడ | అక్టోబరు 20, ఉదయం 6:15

ఆరు సులువైతే ఎనిమిదికి వెళ్ళండి. తర్వాత ఒక చెయ్యి తీసేయండి. అరకిలో ఇసుక సంచి సంగతి ఇంకా మొదలే పెట్టలేదు మనం. పాత చీర ముక్కతో కుట్టించండి, మడమ దగ్గర కట్టి మోకాలు చాపించాలి. కొలత రేపు రాస్తాను.